పాపకు గ్రహణం మొర్రి: ఆసుపత్రిలో ఫారం ఎందుకు నింపుకున్నారు?

నల్గొండ అక్క:
మా చెల్లికి శనివారం పాప పుట్టింది, పైపెదవి చీలి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ వాళ్ల అత్తగారు "గ్రహణం నాడు బయట తిరిగింది" అని చెబుతుంటే చెల్లి ఏడుపు ఆపట్లేదు. ఇంతలో నర్సమ్మ వచ్చి మేనరికమా, కడుపుతో ఉన్నప్పుడు ఏం మందులు వాడావు అని అడిగి ఫారంలో రాసుకుపోయింది. ఎందుకో చెప్పలేదు. ఇదంతా ఎక్కడికి పోతుంది, రేపు పాప పెళ్లికి అడ్డమవుతుందా అని అమ్మకు ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

లేబర్‌రూమ్ నర్సు:
అక్కా, ముందు పాల సంగతి. అంగిలి కూడా చీలిందేమో డాక్టరుతో చూపించండి, చీలితే బిడ్డ చప్పరించలేదు, తల్లిపాలు పిండి తల ఎత్తి పట్టుకుని ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఆ ఫారం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానిది అయ్యుంటుంది. 2013 నుంచి ఉంది, 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. కాన్పు కాగానే బిడ్డను తల నుంచి పాదాల దాకా చూసి మొర్రి, వంకర పాదాలు, వెన్ను తెరుచుకుని ఉండటం లాంటివి రాస్తాం. ఇంట్లో పుడితే ఆశా వెళ్లి చూస్తుంది. తర్వాత జిల్లాలోని డీఈఐసీకి (ఇలాంటి పిల్లలను తొందరగా చూసి వైద్యం అందించే జిల్లా కేంద్రం) పంపుతారు, ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పెదవికి మామూలుగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. పేరు, ఫోన్ నంబరు మిమ్మల్ని పిలవడానికే, పైకి వెళ్లే లెక్కల్లో మామూలుగా పేర్లు ఉండవు.

పబ్లిక్ హెల్త్ స్టూడెంట్:
మందుల గురించి ఎందుకు అడిగారో చెప్తాను. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది, వేవిళ్లకు గర్భిణులూ వాడారు. చేతులు సరిగా ఎదగని బిడ్డలు ఒక్కో ఆసుపత్రిలో ఒకరిద్దరు పుడుతుంటే అన్నిటినీ కలిపి లెక్కపెట్టేవాళ్లు లేక, 1961 చివర్లో లెంజ్, మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు మందును అనుమానించే దాకా దాని అమ్మకం ఆగలేదు. మొత్తం దాదాపు 10 వేల మంది పిల్లలు ఇలా పుట్టారు. ఆ దెబ్బతోనే చాలా దేశాలు పుట్టుకతో వచ్చే లోపాలను రాసిపెట్టే రిజిస్టర్లు పెట్టాయి. 1982లో ఫ్రాన్స్‌లోని లియోన్ రిజిస్టర్‌లోనే ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్‌కూ వెన్ను లోపానికీ సంబంధం బయటపడింది. టోపిరామేట్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడిన తల్లుల బిడ్డల్లో మొర్రి ఎక్కువని 2011లో అమెరికా హెచ్చరించింది కూడా ఫిట్స్ మందులు వాడే గర్భిణుల రిజిస్టర్ చూసే. (ఫిట్స్ మందు వాడేవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపకండి, డాక్టరును అడగండి.) ఇక గ్రహణమంటారా, మన దగ్గర కనిపించేవి ఏడాదికి ఒకటో రెండో, మొర్రి బిడ్డలు మాత్రం పన్నెండు నెలలూ పుడుతూనే ఉన్నారు. అత్తగారికి ఈ మాట చెప్పండి.

సబ్‌సెంటర్ ఏఎన్ఎం:
నా బాధ ఇంకోటి. కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో వెన్ను లోపం తెలిసి తీయించుకున్నవి, చచ్చి పుట్టినవి చాలాసార్లు ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కవు, దాంతో మా మండలంలో ఆ లోపమే లేనట్టు కనిపిస్తుంది. బిడ్డ కడుపున పడ్డ 28 రోజుల్లోపే వెన్ను మూసుకుపోవాలి, మా దగ్గరికి రెండో నెల దాటాక వచ్చినవాళ్లకు, ఆ లోపం రాకుండా ఇచ్చే ఫోలిక్ మాత్ర ఇచ్చినా ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది. పెళ్లైన ఆడపిల్లలకు కడుపు రాకముందే ఇవ్వాలని మీటింగుల్లో అడుగుతూనే ఉన్నా, చూపించడానికి అంకె లేదు. దయచేసి ఎవరైనా ఫారంతో వస్తే దాచకుండా చెప్పండి.

నల్గొండ అక్క:
అందరికీ చాలా థాంక్స్. అంగిలి బాగానే ఉందట, పాప పాలు తాగుతోంది. గ్రహణం మాట అత్తగారికి చెల్లి ఎదురుగానే చెప్పాను, ఏమీ అనలేదు. సోమవారం డీఈఐసీకి తీసుకెళ్తున్నాం.