అప్‌డేట్: రాయల్టీ లెక్కలు దారికొచ్చాయి

కడపలో మా చిన్న ప్రచురణ సంస్థ రాయల్టీ (అమ్మిన ప్రతి కాపీకి రచయితకిచ్చే వాటా) లెక్కలను నోటుపుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎలా మార్చాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు ఒప్పందాలు బయటికి తీశాం. చిక్కంతా అక్కడే ఉంది. 200 రూపాయల పుస్తకానికి 10 శాతమంటే, ముద్రిత ధర మీదైతే 20 రూపాయలు. షాపుకు 40 శాతం కమిషన్ పోగా మిగిలే 120 మీదైతే 12 రూపాయలే. ఏ రచయితకు ఈ రెండింటిలో ఏ లెక్కో ఇప్పుడు ఎక్సెల్‌లో ఒక గడిలో ఉంటుంది. వాపసు వచ్చిన కాపీలను, ముందే ఇచ్చిన అడ్వాన్సును అదే తీసేస్తుంది. ఏడాది రాయల్టీ 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలని గుర్తుచేస్తూ గడి ఎర్రగా మారుతుంది. డబ్బు మాత్రం నేను చూశాకే పంపుతాం, అది మెషీన్‌కు వదలను. అనంతపురం నుంచి మా రచయిత, ఒక పెద్దాయన ఫోన్ చేసి "లెక్క కాగితం కూడా పంపినావే, సంతోషం నాయనా" అన్నారు. ఈ-బుక్ అమ్మకాలు ఇంకా కలపాలి.