పిట్యూటరీలో 14 మి.మీ. గడ్డ – ఆపరేషనా, ఇంజెక్షన్లా?

కర్నూలు తమ్ముడు: మా అన్నకు 41 ఏండ్లు. చెప్పులు 8 నంబర్ నుంచి 10కి పోయినాయి, ఉంగరం సబ్బు రాసినా రాకపోతే కంసాలితో కోయిస్తిమి. షుగర్ కూడా ఉంది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువై చేతులు, కాళ్లు పెరిగే జబ్బంట, ఆక్రోమెగలీ అన్నారు. ఆపరేషన్ అంటే భయపడతాండాడు, ఇంజెక్షన్‌తో కరుగుతాదా? యాడ చూపించాల? ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో వస్తుందా?

అనంతపురం అక్క: మా ఆయనకూ ఇదే జబ్బు. చేతులు తిమ్మిరంటే మణికట్టు ఆపరేషన్ చేసి పంపిరి, గురకంటే లావు తగ్గమనిరి, చివరికి పండ్ల మధ్య సందులు చూసి కనిపెట్టింది పండ్ల డాక్టరమ్మ!! ఇన్నేండ్లు ఊరికే పోయె.

కడప ల్యాబ్ మామ: 20 ఏండ్ల సర్వీస్ నాది, వినండి. ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల కాలేయంలో తయారయ్యే ఇంకో హార్మోన్) టెస్ట్ దండగ, గ్రోత్ హార్మోన్ ఒక్కసారి చూస్తే చాలు.

తాడిపత్రి బుల్లెట్: తప్పు చెప్పొద్దు మామా. గ్రోత్ హార్మోన్ గంటకో తీరు ఎగిరి పడతాంటాది, ఐజీఎఫ్-1 నిలకడగా ఉంటాది, అందుకే ముందు అదే చూస్తారు. అనుమానముంటే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలు రక్తం తీస్తాంటారు, మామూలోళ్లకు గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరుకు 1 నానోగ్రామ్ కిందికి దిగుతాది, ఈ జబ్బుంటే దిగదు.

కడప ల్యాబ్ మామ: షుగరున్నోనికి గ్లూకోజ్ తాగిస్తావా? నువ్వెవరప్పా నాకు చెప్పేకి

తాడిపత్రి బుల్లెట్: షుగర్ బాగా ఎక్కువుంటే తాగించరు. ఐజీఎఫ్ నార్మల్ వయసును బట్టి మారుతుంది, మీ ల్యాబ్ రిపోర్టులో అదన్నా వేస్తారా?

కడప ల్యాబ్ మామ: ల్యాబ్ జోలికి రావద్దు!

పులివెందుల పిల్ల: కొట్లాట ఆపండి సామీ. మా అమ్మకు ఈ ఆపరేషన్ ముక్కులోంచి చేసినారు, తలకు కోత లేదు. చీదొద్దన్నారు, ముక్కులోంచి నీళ్లలాగ కారితే వెంటనే రమ్మన్నారు. మూడు నెలలకు ఐజీఎఫ్ నార్మల్. వేళ్ల వాపు దిగింది గానీ దవడ అట్లనే ఉండాది, పెరిగిన ఎముక ఇంక తగ్గదంట. మీకు హైదరాబాద్ నిమ్స్ దగ్గర కదా, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ చేస్తారు.

అనంతపురం అక్క: మాకు గడ్డ రక్తనాళానికి చుట్టుకోనుండె, మొత్తం తీయలేకపోయిరి. ఇప్పుడు గ్రోత్ హార్మోన్ తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్, నెలకొకటి పిర్రకు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టాల, పొడి సరిగ్గా కలవకపోతే సూది మూసుకుపోతాది, ఒక నర్సు అట్లనే మందంతా పాడు చేసె. ధర తెలిస్తే ఏడుపొస్తాది. ఈ మందుతో పిత్తాశయంలో రాళ్లు వేరే. గడ్డ చిన్నగైతాది గానీ పూర్తిగా పోదు తమ్ముడూ.

తాడిపత్రి బుల్లెట్: కంటి డాక్టర్‌కు చూపించినారా?

కర్నూలు తమ్ముడు: లేదన్నా. బైకు మీద పక్కనొచ్చే బండ్లు కనపడవంటాండాడు, నిద్రలేక అనుకున్యాం.

తాడిపత్రి బుల్లెట్: బైకు తాళం తీసుకో ముందు. గడ్డ కంటి నరాన్ని ఒత్తుతాంటే ఇంజెక్షన్లంటూ కూర్చునేది కాదు, రేపే ఫీల్డ్ టెస్ట్ (పక్కచూపు ఎంతుందో చూసే కంటి పరీక్ష) చేయించి న్యూరోసర్జన్ దగ్గరికి పో.