పాలో ఆల్టో బేలాండ్స్‌లో పిట్టలు చూడాలంటే ఏ టైమ్‌కి వెళ్లాలి?

ఉప్పుగాలి:
అమ్మా నాన్నా సూళ్లూరుపేట నుంచి మొన్ననే సన్నీవేల్ వచ్చారు, నవంబర్ ఆఖరు దాకా ఉంటారు. నాన్నకి పక్షుల పిచ్చి. నేలపట్టు దగ్గర పుట్టి పెరిగిన మనిషి కదా, ఇక్కడ మాల్ చూపిస్తే పది నిమిషాల్లో కారు దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు. ఆఫీసులో ఎవరో శాన్ ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉన్న చిత్తడి నేల, బేలాండ్స్‌కి తీసుకెళ్లమన్నారు. పొద్దున్నే వెళ్లాలా, సాయంత్రమా? అక్టోబర్‌లో పిట్టలు ఉంటాయా, చలి ముదిరాకే వస్తాయా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.

బురదకాళ్లు:
అక్టోబర్ చాలా మంచి నెలండీ. బురదలో తినే చిన్న పిట్టలు జూలై నుంచే దిగడం మొదలెడతాయి, ముందు పెద్దవి, ఆగస్టు, సెప్టెంబర్‌లో ఆ ఏడాది పుట్టిన పిల్లలు, బాతులు అక్టోబర్, నవంబర్‌లో గుంపులుగా వస్తాయి. టైమ్ సంగతికొస్తే, పొద్దునా సాయంత్రమా అని ఆలోచించే ముందు ఆటుపోట్లు చూసుకోండి. ఆటులో నీళ్లు వెనక్కిపోయి ఎంత దూరమైనా బురదే, పిట్టలన్నీ ఆ చివరెక్కడో చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతుంటే నీళ్లు తోసుకొచ్చి వాటిని మన వైపు జరుపుతాయి. అందుకే నిండు పోటుకి రెండు గంటల ముందు వెళ్లి బోర్డ్‌వాక్ (చిత్తడి మీద వేసిన నడక వంతెన) మీద నిలబడితే చాలు, నడక కూడా తక్కువే. ఫోన్‌లో టైడ్ టైమ్ గోల్డెన్ గేట్‌ది, అంటే బే సముద్రంలో కలిసే చోటుది చూపిస్తే దానికి ఓ గంట పైనే కలుపుకోండి, దక్షిణం వైపుకి నీళ్లు రావడానికి ఆ మాత్రం పడుతుంది. ఇంకోటి, బే తూర్పున ఉంది కాబట్టి పొద్దున ఎండ కళ్లలోనే కొడుతుంది. మధ్యాహ్నం దాటాక పోటున్న రోజు దొరికితే వదలొద్దు.

నాన్నగారికి ముక్కులు చూడమని చెప్పండి, అసలు మజా అక్కడే ఉంది. కర్లూకి వంకర తిరిగిన పొడుగు ముక్కు, లోతు బొరియల్లోంచి పురుగుల్ని లాగుతుంది. గాడ్‌విట్ కొద్దిగా పైకి వంగిన పొడుగు ముక్కుని కళ్లదాకా గుచ్చేస్తుంది. వెస్ట్రన్ శాండ్‌పైపర్ అని పిడికెడు పిట్ట, అలాస్కాలో పిల్లల్ని చేసి ఇక్కడికి వస్తుంది, అది బురద మీద పేరుకున్న సన్నటి జిగురు పొరని కూడా నాకి తింటుంది.

ఫ్రీమాంట్_పిన్ని:
మీ నాన్నగారికి పాత చుట్టాలే కనిపిస్తాయి, చూడండి! సూదితోక బాతులు, గరిటె ముక్కున్న షవలర్లు, పులికాట్‌కి వచ్చేవీ ఇవే జాతులు, కాకపోతే అక్కడికి సైబీరియా వైపు నుంచి వస్తాయి. గూడబాతు (పెలికన్) మాత్రం వేరు. నేలపట్టులో గూళ్లు పెట్టేది బూడిద రంగుది, ఇక్కడ తెల్లవి ఉంటాయి, అవి నీళ్లలో దూకకుండా గుంపుగా ఈదుతూ చేపల్ని ఒకచోటికి తోలి తింటాయి. అమ్మగారు నడవలేకపోతే పార్కింగ్ పక్కనే బాతుల చెరువు ఉంది, కారు దిగి రెండడుగులు వేస్తే చాలు. తిండి మాత్రం వేయనీయకండి, మన పెద్దవాళ్లకి చేతిలో బిస్కెట్ ఉంటే ఆగదు.

వీలైతే ఇంకోరోజు బే దక్షిణం చివర ఉన్న ఆల్విసో కూడా చూపించండి. అక్కడ గళ్లు గళ్లుగా కనిపించేవన్నీ పాత ఉప్పు మళ్లే. 2003లో దక్షిణ బేలో 15,100 ఎకరాల ఉప్పు మళ్లు కంపెనీ దగ్గర కొని, కట్టలు తెంచి మెల్లగా మళ్లీ చిత్తడిగా మారుస్తున్నారు.

జూమ్‌లెన్స్:
కింగ్ టైడ్‌కి, అంటే ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పోటుకి తీసుకెళ్లు బ్రో, అది వేరే లెవెల్. చలికాలంలో అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో వస్తాయి, నవంబర్‌లో డేట్లు చూడు. పికిల్‌వీడ్ అనే చిత్తడి మొక్క మొత్తం మునిగిపోతుంది, రిడ్జ్‌వేస్ రైల్ అనే నీటికోడి దాక్కోవడానికి చోటు లేక బయటికి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో కేక వినడమే తప్ప కనపడదు. 2014కి ముందు దాన్ని క్లాపర్ రైల్ అనే ఇంకో జాతిలో కలిపి చెప్పేవాళ్లు. నాకు మంచి షాట్లు వచ్చాయి.

బురదకాళ్లు:
షాట్లు సరే గానీ, అది సరదాకి బయటికి రాలేదు కదా. ఈ బేలో ఉన్న రకం 1970 నుంచి అంతరించే జాబితాలో ఉంది. కట్ట అంచు పొదల్లో నక్కి ఉన్నదాన్ని నలుగురు చుట్టూ చేరి బెదరగొడితే ఎగిరి బయటపడుతుంది, పైన హారియర్ గద్ద కాచుకునే ఉంటుంది. ఉప్పు నీళ్లు తాగి బతకగలిగే బుల్లి ఎలుక ఒకటుంది, దాని పరిస్థితీ అదే, కొమ్మ చివరికెక్కి వేలాడుతుంటే కొంగలు ఏరుకుని తింటాయి. వెళ్లండి, కానీ బోర్డ్‌వాక్ దిగొద్దు, కట్ట మీద పొదల పక్కన ఆగొద్దు.

జూమ్‌లెన్స్:
నేను దిగలేదులే. కానీ పాయింట్ కరెక్టే, కింగ్ టైడ్ రోజు కట్ట మీద జనం బాగా ఉంటారు.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్! బైనాక్యులర్స్ ఏవి తీసుకోను? అక్కడ ఎర్రగా కార్పెట్ పరిచినట్టు ఫోటోల్లో కనిపిస్తోంది, అదేంటి?

ఫ్రీమాంట్_పిన్ని:
8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి) తీసుకోండి, పెద్దవాళ్ల చేతులు వణికినా బొమ్మ పెద్దగా కదలదు. ఎర్రగా ఉండేదే పికిల్‌వీడ్. ఒళ్లో చేరిన ఉప్పంతా కొసల్లోకి తోసేస్తుంది, శరత్కాలంలో ఆ కొసలు ఎర్రబడి రాలిపోతాయి. వాసన గురించి అమ్మగారికి ముందే చెప్పండి, ఆటులో బురద నుంచి కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది, గాలాడని బురదలో ఉండే బాక్టీరియా పని అది, మురుగు కాదు.

ఉప్పుగాలి:
శనివారం పోటు మూడున్నరకి అని చూపిస్తోంది, స్టేషన్ పేరు పాలో ఆల్టో యాచ్ హార్బర్. దీనికీ గంట కలపాలా?

బురదకాళ్లు:
అక్కర్లేదు, అది అక్కడి టైమే. ఒంటిగంటన్నరకల్లా వెళ్లండి. స్వెటర్లు మర్చిపోకండి, ఆ టైమ్‌కి గాలి లేస్తుంది.