అప్‌డేట్: క్లౌన్ ఫిష్‌లు తిండి మానేశాయన్నాను కదా, కారణం దొరికింది

పోయిన నెల అడిగాను గుర్తుందా, 60 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంక్‌లో క్లౌన్ జత తిండి మానేసి మూలన నక్కుతున్నాయి, అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) చూస్తే సున్నా, ఏం చేయాలి అని. తప్పు నాదేనండి. హైదరాబాద్ ఎండలకి నీళ్లు తగ్గిన ప్రతిసారీ ఉప్పు కలిపిన నీళ్లే పోస్తూ వచ్చా, ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు కదా, ఆ చిన్న లాజిక్ తట్టలేదు. మీరన్నట్టే రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం) కొని చూస్తే నీళ్ల సాంద్రత 1.032! ఉండాల్సింది 1.025 దగ్గర. ఒకేసారి దించొద్దన్నారుగా, అందుకే రోజూ ఓ రెండు మగ్గులు తీసేసి ఉప్పులేని ఆర్‌ఓ నీళ్లు పోస్తూ వారం పైనే లాగించా. నాలుగో రోజుకే పెద్దది తిండికి ఎగబడింది, చిన్నది ఇంకా బెట్టు చేస్తోంది.

ఇక నేను కొనాలనుకుంటున్న పెద్ద ట్యాంక్ సంగతి. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే దాదాపు 255 లీటర్లు, నీళ్ల బరువే పావు టన్ను, అద్దం, రాళ్లు, స్టాండ్ బరువు వేరే. మాది మూడో అంతస్తు, అమ్మ అప్పుడే కింద ఇంటివాళ్లని తల్చుకుని భయపడుతోంది. ఇంజనీర్‌కి చూపించాకే కొంటా. ఈసారి సంప్ (ట్యాంక్ కింద ఫిల్టర్ సామాను పెట్టే చిన్న తొట్టి), ఆటో టాప్-అప్ (ఆవిరైనంత ఉప్పులేని నీళ్లు దానంతటదే పోసే పరికరం) మాత్రం ఖాయం, మళ్లీ నా చేతికి మగ్గు ఇవ్వొద్దు.