సమస్య: ఎండలో నున్న మిరపయే యెండకుండె

నిర్వాహకుడు: గుంటూరు మిర్చి యార్డు దాటి వస్తుంటే తుమ్ముల మధ్య తట్టిన పాదమిది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, ఇక మీ చిత్తం.

అరండల్‌పేట:
మబ్బు కమ్మెను గుంటూరు మార్కెటంత
చినుకు పడెనింతలోనయ్యొ చిత్రమేమి
పట్ట కప్పిన సరకేమొ నిలిచిపోయె
ఎండలో నున్న మిరపయే యెండకుండె

బ్రాడీపేట: వానొచ్చి తడిసింది, అంతేగా. మూడో పాదంలో మొదటి ‘ప’కి నడుమ ‘ని’తో యతి, అదే అక్షరమైత్రి, ఎక్కడ నేర్పారు తమ్ముడూ?

నిర్వాహకుడు: ‘నిలిచిపోయె’ బదులు ‘పదిలమయ్యె’ అంటే సరి. తర్వాత?

గాంధీకొండ:
నీడ కోరిన కాయకు నీరు చేరి
మూల గోదాములో బూజు ముసురుకొనియె
వదలకోర్చెను రంగుకై వాన వెనుక
ఎండలో నున్న మిరపయే యెండకుండె

ఎండక + ఉండె కాదు, ఎండకు + ఉండె. ఎండకు తట్టుకుని ఉన్నది అదొక్కటే.

అరండల్‌పేట: అబ్బ! ఎండకపోవడమే లేదన్నమాట.

బ్రాడీపేట: ఆగండాగండి, ఇది ఉగాదినాటి సరుకే. ‘పూవు వాడకుండె’ అని సమస్య ఇస్తే ‘వాడకు ఉండె’ అని విరిచి, పువ్వు వీధికి ఉండడమేమిటయ్యా అని అందరం నవ్వితే అలిగి నెల రోజులు ఇటు రాలేదు ఈయన. ఆ విరుపునే మళ్ళీ పట్టుకొచ్చాడు.

గాంధీకొండ: పట్టుకొస్తాను. విరుపు మంచిదే, పువ్వే కుదర్లేదు. మధ్యలో ‘ఆరకుండె’ మీదా ప్రయత్నించి చించేశాను. ‘ఈ బెజవాడ ఎండకి ఉండలేకపోతున్నాం’ అని మా ఆవిడ రోజూ అంటుంది, ఇప్పుడు మిరపకాయ దగ్గర అది కూర్చుంది.

బ్రాడీపేట: కూర్చుంది సరే, ద్రుతం, అదే ‘కు’ చివరి నకారం, ఏమైంది మాస్టారూ? ‘ఎండకున్’ కదా, అచ్చు పరమైతే ‘ఎండకు నుండె’ అవ్వాలి. అలా రాస్తే గణం చెడుతుంది కాబట్టి నకారం మింగేశారు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చేసింది ఎందుకు, పొట్లాలు కట్టుకోడానికా?

గాంధీకొండ: పోయిన కార్తీకంలో తమరు ‘నాకిచ్చె’ అని రాశారు. అప్పుడు ‘నాకున్’లో ద్రుతం ఉపవాసం ఉందా?

బ్రాడీపేట: అది వేరు.

అరండల్‌పేట: ఎలా వేరు అన్నయ్యా?

నిర్వాహకుడు: ద్రుతం తప్పు తప్పే, మార్కు తగ్గిస్తున్నాను. విరుపుకి మాత్రం ఈ వారం మొదటి స్థానం. ‘నాకిచ్చె’ పూరణ వెతికి పెట్టండి ఎవరైనా, నేనూ చూస్తాను.

బ్రాడీపేట: తీసేశాను దాన్ని.