ఆరెకరాల్లో రెండెకరాలు అమ్మాలి: చెల్లెళ్ల వాటా, దారి, అమ్మ సంగతి

నల్లరేగడి (ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా):
ఆరెకరాల మిర్చి చేను, ఒకే చెక్క. నాన్నగారు నిరుడు పోయారు, వీలునామా లేదు. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు. చిన్న చెల్లెలు అమెరికాలో. బ్యాంకు అప్పు తీర్చడానికి రోడ్డు వైపు రెండెకరాలు అమ్ముదామనుకుంటున్నాం. కొనేవాళ్లు ముందు బయానా పుచ్చుకోమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దస్తావేజు లేఖరి (గుంటూరు):
బయానా ముట్టుకోకండి, ముందు వాటాలు తేలాలి. పొలం నాన్నగారి స్వార్జితమైతే నలుగురికీ తలా 150 సెంట్లు. ఉమ్మడి పిత్రార్జితమైతే లెక్క వేరు. ముందు నాన్నగారికీ ముగ్గురు పిల్లలకూ నాలుగు భాగాలు వేసి, ఆయన భాగాన్ని మళ్లీ నలుగురికి పంచుతారు. అప్పుడు మీ ముగ్గురికీ తలా 187.5 సెంట్లు, అమ్మగారికి 37.5 మాత్రమే. ఏది వర్తిస్తుందో పాత దస్తావేజులు, ఈసీ (పొలంపై జరిగిన రిజిస్ట్రేషన్లు, భారాలు చూపే పత్రం) చూపించి వకీలు చేత తేల్చుకోండి.

కట్నం ఇచ్చాం కదా అని చెల్లెళ్లను పక్కన పెట్టొద్దు. కట్నంతో వాటా చెల్లిపోదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. తెల్లకాగితం మీద "నాకొద్దు" అని రాయించుకుంటే చెల్లదు. వదులుకోవాలన్నా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాలి. ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, నలుగురి పేర్లతో మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించి, నలుగురూ అమ్మకందారులుగా సంతకం పెట్టడమే మేలు.

అమెరికాలో ఉన్నామె అక్కడి మన కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు కట్టించాలి. ఈ గడువు దాటించి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

గట్టుతగాదా (తెనాలి):
నన్నడిగితే అసలు ప్రమాదం దారిది. రోడ్డు వైపు ముక్క పోయాక వెనక నాలుగెకరాలకు ట్రాక్టరు ఎలా వెళ్తుంది? 12 అడుగుల దారి మీ పేరునే అట్టిపెట్టుకోండి. దారి 300 అడుగుల పొడవుంటే పోయేది 400 చదరపు గజాలు, అంటే ఎనిమిది సెంట్ల పైచిలుకు. అమ్మే విస్తీర్ణంలోంచి దాన్ని తీసేసి, హద్దుల్లో "అమ్మకందారుల దారి" అని రాయించండి. నోటిమాటగా వదిలేస్తే కొన్నాయన కంచె వేసిన రోజున గొడవ మొదలవుతుంది.

బోరు, కరెంటు సర్వీసు ఏ ముక్కలో ఉన్నాయో కూడా చూసుకోండి. సర్వేయర్‌ని ఎండాకాలంలో పిలవండి. వానలు పడ్డాక నల్లరేగడిలో గొలుసు లాగలేరు. పక్క రైతులకు నోటీసు వెళ్లాలి, వాళ్ల ఎదుటే రాళ్లు పాతించాలి.

పన్ను లెక్క (విజయవాడ):
బ్యాంకు అప్పు ఉంటే ఆ భారం 1-బిలో (రెవెన్యూ శాఖ ఇచ్చే భూమి ఖాతా పత్రం) కనిపిస్తుంది. కొనేవారి చేత అప్పు మొత్తానికి బ్యాంకు పేర డీడీ తీయించి, అప్పు తీరిందని నో డ్యూ పత్రం తెచ్చుకుని, మిగతాది నలుగురి ఖాతాల్లో వాటా ప్రకారం వేయించండి. అన్నయ్య ఖాతాలో మొత్తం పడితే ఎంత మంచి ఇంట్లోనైనా అనుమానాలొస్తాయి. అమ్మకం సొమ్ములో నగదుగా పుచ్చుకున్నది 20,000 రూపాయలకు చేరితే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు.

పొలం గుంటూరు కార్పొరేషన్ హద్దుకు గాలిలో 6 కిలోమీటర్ల అవతల ఉండి, దగ్గరలో వేరే మునిసిపాలిటీ లేకపోతే, సాగుభూమి అమ్మకంపై మూలధన లాభం పన్ను లేదు.

నల్లరేగడి:
చాలా మేలు చేశారండీ. చేను కౌలుకిచ్చాం, ఇంకా మిర్చి కోతలు మిగిలున్నాయి. అమ్మకు ఏం రాయాలి?

దస్తావేజు లేఖరి:
కౌలుదారుకి పంట సాగుదారు హక్కు పత్రం ఉన్నా దాని గడువు 11 నెలలే, యాజమాన్యం రాదు. అయినా ఆఖరి కోత అయ్యాకే స్వాధీనం అని అగ్రిమెంటులో రాయండి. అమ్మగారి వాటాను మిగిలిన నాలుగెకరాల్లోనే హద్దులతో చూపించండి. ఉమ్మడి పిత్రార్జితమని తేలితే 37.5 సెంట్లతో సరిపెట్టకండి. ఇంకో ఎకరంపై జీవితకాల అనుభవ హక్కు ఆమెకిస్తూ పంపకపు దస్తావేజు రిజిస్టర్ చేయించండి. కౌలు డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది.