అప్‌డేట్: అక్క మాట్లాడటం మానేసిందని అడిగింది నేనే

మెసేజ్‌లు చూస్తుంది గానీ జవాబివ్వదు, ఫోన్ ఎత్తదు, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఏం చేయను అని అడిగాను కదా. చాలామంది కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. వెళ్తున్నాను.

సైకాలజిస్టు గారు నోట్‌బుక్‌లో గడులు గీయించారు: జరిగింది, వెంటనే మనసులోకొచ్చిన మాట, కలిగిన బాధ, ఆ మాటకి రుజువు. మొదటి గడిలో "టిక్కులు నీలమయ్యాయి, జవాబు రాలేదు" అని తప్ప ఇంకేం రాయలేకపోయాను. "అమ్మ పోయాక నేనూ అక్కర్లేకుండా పోయాను" అన్నది రెండో గడిలోకి వెళ్లింది. నిద్ర చెడగొడుతున్నది అదే. ఇలాంటి వాటినే అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960లలో 'ఆటోమేటిక్ థాట్స్' (వాటంతటవే వచ్చేసే ఆలోచనలు) అన్నారు. మన ఆలోచనల్ని పరీక్షించి చూసుకునే చికిత్స, కాగ్నిటివ్ థెరపీకి మూలం అదే.

"పాజిటివ్‌గా ఆలోచించు" అని కొందరు రాశారు. ఇది అది కాదండీ. అక్క దూరం పెట్టిన మాట నిజం, బాధా నిజమే. సైకాలజిస్టు గారు దాన్ని కొట్టిపారేయలేదు. దానిమీద నేను అల్లుకుంటూ పోయిన కథకి మాత్రం రుజువు అడిగారు. ఆ గడి చాలాసార్లు ఖాళీగానే మిగిలింది.

అక్క ఇంకా పలకలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే వీలు లేదన్నవాళ్లకి: మానసిక సమస్యలకి ఫోన్‌లో సాయం చేసే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.